టీనేజ్ డిస్టోపియన్ నవలలు, వాటి సినిమాలు: అపోహలు - వాస్తవాలు

నవలల్ని స్క్రీన్‌ప్లేలుగా మార్చడం నా పని. అందులో నేను ఎక్కువ ఇష్టపడి చదివేది, ఎక్కువ తల బద్దలు కొట్టుకునేది టీనేజర్ల కోసం రాసిన డిస్టోపియన్ కథల మీదే. అంటే ఓ ప్రభుత్వమో ఓ వ్యవస్థో మనుషుల బతుకంతా గుప్పిట్లో పెట్టుకుంటుంది, అందులోనే పుట్టి పెరిగిన ఓ పదహారేళ్ళ పిల్ల ఇదేంటి ఇలా ఉంది అని మొదటిసారి అడుగుతుంది, ఆ రకం కథలన్నమాట. వీటి గురించి చదివేవాళ్ళూ, సినిమా చూసేవాళ్ళూ, డబ్బులు పెట్టేవాళ్ళు కూడా కొన్ని మాటలు పదే పదే అంటుంటారు, ప్రతిసారీ విడివిడిగా జవాబు చెప్పే బదులు ఒక్కచోట రాసేద్దాం అనిపించింది. స్పాయిలర్లు చాలా ఉన్నాయి, క్లైమాక్స్‌లతో సహా, చదవనివాళ్ళు చూసుకోండి.

అపోహ: పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు తీసేస్తే సినిమా ఆడుతుంది

ఫ్యాన్స్ నుంచి ఎక్కువగా వినపడేది ఇదే. ప్రేమతోనే అంటారు, నాకు అర్థమవుతుంది, కానీ ఈ జానర్‌లో ఉన్నది ఉన్నట్టు తీయడం అనేదే కుదరదు. ఎందుకంటే ఈ నవలలు చాలావరకు ఒక్క మనిషి తలలోంచి నడుస్తాయి. సుజాన్ కాలిన్స్ 2008లో రాసిన హంగర్ గేమ్స్ తీసుకోండి, ప్రభుత్వం ఏటా లాటరీ తీసి టీనేజర్లని ఓ అరీనాలో పడేసి, ఒక్కరు మిగిలేదాకా చంపుకోమని టీవీలో లైవ్ చూపించే కథ అది, మొత్తం హీరోయిన్ కాట్నిస్ "నేను" అంటూ, అది కూడా ఎప్పుడో జరిగినట్టు కాకుండా ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్తుంది. ఆమెకి తెలిసినంతే మనకి తెలుస్తుంది. ఆమెకి మామూలుగా అనిపించేది మనకి దారుణంగా అనిపిస్తుంది చూడండి, అసలు దెబ్బ అక్కడే తగులుతుంది. నాలుగు గింజలు ఎక్కువ వస్తాయని చావు లాటరీలో తన పేరు అదనంగా ఎన్నిసార్లు వేయించుకుందో ఆ పిల్ల ఏదో ఇంటి లెక్క చెప్పినట్టు చెప్పుకుంటూ పోతుంది, చదివేవాళ్ళకి కడుపులో తిప్పుతుంది. కెమెరాకి అలాంటి తల ఉండదు, అది బయట నిలబడి అన్నీ చూసేస్తుంది.

మేము అడాప్టేషన్ మొదలుపెట్టినప్పుడు ముందు చేసే పని, నవలలో ఏది కంటికి కనపడుతుంది, ఏది మనసులో మాత్రమే జరుగుతుంది అని పేజీ పేజీకీ గుర్తు పెట్టుకోవడం. ఈ జానర్‌లో రెండోదే ఎక్కువ తేలుతుంది. ఆ రెండో రకం అంతా ఎక్కడ పెట్టాలి అన్నదే అసలు ఉద్యోగం, ఏ సీన్ కోయాలి అన్నది దాని తర్వాతే.

2012 సినిమాకి కాలిన్స్, డైరెక్టర్ గ్యారీ రాస్, బిల్లీ రే కలిసి రాశారు. వాయిస్ ఓవర్ జోలికి పోలేదు. కాట్నిస్ మనసులో అనుకునే సమాచారాన్ని తీసుకెళ్ళి టీవీ హోస్ట్ సీజర్ నోట్లో పెట్టారు, అరీనాలో ఉన్న ఆ కందిరీగలు ఎంత ప్రమాదమో ఆయన షో చూసే జనానికి వివరిస్తాడు, ఆ వంకతో మనమూ తెలుసుకుంటాం. ఇంకోటి, గేమ్స్ నడిపే కంట్రోల్ రూమ్. పుస్తకంలో ఆట జరుగుతున్నంతసేపూ ఆ గదిలోకి మనం అడుగు పెట్టం, అడవిలో మంట లేస్తే అది కావాలని పెట్టిందే అని కాట్నిస్ ఊహించుకోవాలి అంతే. సినిమాలో తెల్లకోట్లు వేసుకున్న ఆపరేటర్లు బల్ల మీద వేళ్ళు ఆడిస్తూ ఓ చెట్టుని తగలబెట్టడం మనం చూస్తాం, వాళ్ళ మొహాల్లో కోపం కూడా ఉండదు, డ్యూటీ చేస్తున్నారు. పుస్తకంలో లేని ఆ సీన్లు పుస్తకం చెప్పదలుచుకున్నదాన్ని ఎంత బాగా చెప్పాయంటే, ఇప్పటికీ ఎవరైనా అడాప్టేషన్ ఎలా చేయాలి అని అడిగితే నేను ముందు చూడమనేది అవే.

దీనికి తిరగేసిన ఉదాహరణ ది గివర్. లోయిస్ లౌరీ 1993లో రాసింది, మరుసటి ఏడాది న్యూబరీ మెడల్ వచ్చింది, అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే పెద్ద అవార్డు అది. అందులో జోనాస్ అనే పిల్లాడు ఉండే ఊళ్ళో అసలు రంగులే లేవు. కానీ ఈ విషయం చదివేవాళ్ళకి చాలాసేపు తెలియదు! ఆడుకుంటుంటే గాల్లో ఓ యాపిల్ ఒక్క క్షణం ఎలాగో మారినట్టు అనిపిస్తుంది జోనాస్‌కి, ఏం మారిందో చెప్పడానికి వాడి దగ్గర మాట లేదు, తర్వాత్తర్వాత అది ఎరుపు అని తెలిసినప్పుడు మనం వెనక్కి తిరిగి అప్పటిదాకా చదివిన పేజీలన్నీ మళ్ళీ ఊహించుకోవాల్సి వస్తుంది, ఎందుకంటే ఆ పేజీలకి రంగులు వేసింది మనమే. 2014 సినిమా ఏం చేయగలదు? బ్లాక్ అండ్ వైట్‌లో మొదలైంది, మొదటి షాట్‌కే రహస్యం బయటపడిపోయింది. రంగులు మెల్లిగా రావడం చూడ్డానికి అందంగానే ఉంది, నేను కాదనను, కానీ పుస్తకం ఇచ్చిన ఆ ఉలికిపాటు అందులో లేదు. దాన్ని తెర మీద వేరే రకంగా పుట్టించాలి, ఆ ప్రయత్నం గట్టిగా జరగలేదనే నా అభిప్రాయం. అంటే ఇక్కడ పుస్తకానికి కట్టుబడి ఉండటమే పుస్తకం తాలూకు అనుభవాన్ని చంపింది.

అపోహ: రచయితే స్క్రిప్ట్ రాస్తే పాడవదు

పైన కాలిన్స్ సంగతి చూసి ఇలా అనుకోవచ్చు. కానీ ఆమె నవలలు రాయకముందే పిల్లల టీవీ షోలకి ఏళ్ళ తరబడి రాసింది, తెర మీద ఏది పలుకుతుందో తెలిసిన మనిషి. ఇంకోవైపు ఖేయాస్ వాకింగ్ చూడండి, పాట్రిక్ నెస్ తన నవలని తనే ఇంకొకరితో కలిసి స్క్రిప్ట్ చేశాడు. మగవాళ్ళ ఆలోచనలన్నీ అందరికీ వినపడిపోయే లోకం అది, పుస్తకంలో ఆ గోలని గజిబిజి అక్షరాలతో పేజీ నిండా పరిచారు, అద్భుతంగా ఉంటుంది. తెర మీదకి వచ్చేసరికి తల చుట్టూ ఓ రంగు మబ్బు, దాంట్లోంచి మాటలు. 2017లో షూటింగ్ చేసి, 2019లో మళ్ళీ కొన్ని సీన్లు తీసి, 2021లో వదిలారు. సుమారు 10 కోట్ల డాలర్లు పెట్టిన సినిమాకి ప్రపంచమంతా కలిపి 3 కోట్లు కూడా రాలేదు. కరోనా రోజులు కూడా దెబ్బకొట్టాయి, అది నిజమే, కానీ ఆ మబ్బు సమస్య మాత్రం ఏ రోజుల్లో రిలీజైనా ఉండేదే.

అపోహ: హంగర్ గేమ్స్ జపాన్ వాళ్ళ బాటిల్ రాయల్‌కి కాపీ

కౌషున్ టకామీ నవల 1999లో, దాని సినిమా 2000లో వచ్చాయి, పిల్లల్ని ఓ దీవిలో పడేసి ఒకర్నొకరు చంపుకోమంటారు, కాబట్టి పోలిక కనపడటం సహజం. తన రాతప్రతి ఇచ్చేదాకా ఆ పుస్తకం పేరు కూడా వినలేదని కాలిన్స్ చెప్పింది. ఆమె చెప్పిన మూలాలు రెండు. ఒకటి గ్రీకుల థీసియస్ కథ, ఏడుగురు అబ్బాయిల్నీ ఏడుగురు అమ్మాయిల్నీ క్రీట్ రాజుకి కప్పంగా పంపేది. రెండోది రాత్రిపూట టీవీ ఛానళ్ళు మారుస్తుంటే ఓ పక్క రియాలిటీ షో, ఓ పక్క ఇరాక్ యుద్ధం కనపడి రెండూ కలిసిపోవడం. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం, నేనైతే రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చదవమంటాను. జపాన్ నవల ఒక్కో పిల్లాడి దగ్గరికీ వెళ్తుంది, క్లాసు మొత్తాన్నీ మనకి పరిచయం చేసి మరీ చంపుతుంది. కాలిన్స్ ఒక్క తల దాటి బయటికి రాదు. ఆమె ఆట అంతా లైవ్ షో చుట్టూ తిరుగుతుంది, చూసేవాళ్ళు ముచ్చటపడి డబ్బు పెడితేనే అరీనాలో ఉన్న పిల్లలకి పైనుంచి మందులో తిండో దిగుతుంది. ఆ షో తీసేస్తే కథే లేదు.

అపోహ: చివరి పుస్తకాన్ని రెండు సినిమాలు చేస్తే కథకి న్యాయం జరుగుతుంది

హ్యారీ పోటర్, ట్విలైట్ అలా చేసి బాగా సంపాదించాక అందరూ అదే దారి పట్టారు. హంగర్ గేమ్స్ మూడో పుస్తకం మాకింగ్‌జే 2014, 2015ల్లో రెండు ముక్కలుగా వచ్చింది. అంతకుముందు 2013లో వచ్చిన రెండో సినిమా క్యాచింగ్ ఫైర్ ప్రపంచవ్యాప్తంగా 86 కోట్ల డాలర్లు తెస్తే, మొదటి ముక్క సుమారు 75, రెండోది సుమారు 65 కోట్లు. డబ్బు లెక్కలో రెండూ కలిపితే లాభమే, కాదనలేం. కథ లెక్కలో చూస్తే మొదటి ముక్కకి సొంత ముగింపు లేదు, ఏడాది ఆగమని చెప్పి పంపించినట్టు ఉంటుంది. డైరెక్టర్ ఫ్రాన్సిస్ లారెన్స్ కూడా 2023లో అలా విడగొట్టినందుకు బాధగా ఉందని ఒప్పుకున్నాడు. ఒక్క మంచి జరిగిందని నేను అనుకునేది, తిరుగుబాటుదార్లు కాట్నిస్‌తో ప్రచార వీడియోలు తయారుచేసే భాగానికి చోటు దొరికింది. కాట్నిస్ నది ఒడ్డున మామూలుగా పాడుకున్న పాట కాసేపట్లో యుద్ధగీతం అయిపోవడం ఆ సినిమాలో నాకు ఇష్టమైన భాగం.

కానీ డైవర్జెంట్ అనే ఇంకో సిరీస్‌కి జరిగింది చూస్తే ఎవరికైనా బాధేస్తుంది. రచయిత్రి వెరోనికా రాత్ మొదటి రెండు పుస్తకాలూ హీరోయిన్ ట్రిస్ గొంతులో రాసి, మూడోది అలీజియంట్‌లో హఠాత్తుగా ట్రిస్, ఆమె ప్రేమించిన ఫోర్ ఇద్దరి చేతా మార్చి మార్చి చెప్పిస్తుంది. ఎందుకో చివర్లో తెలుస్తుంది, ట్రిస్ చనిపోతుంది, ఆ తర్వాత కథ చెప్పడానికి ఒకరు మిగలాలి. 2013లో ఆ ముగింపు మీద ఎంత గొడవ జరిగిందో చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. నాకు మాత్రం మొదటి పేజీ నుంచీ ఆ పిల్ల మోసుకొచ్చిన ప్రశ్న, అంటే త్యాగం అంటే ఏంటి అన్నది, అక్కడే తేలుతుంది అనిపిస్తుంది. దాన్ని కూడా రెండు సినిమాలు చేద్దామనుకున్నారు. మొదటి రెండు సినిమాలూ చెరో 29 కోట్ల డాలర్ల దాకా తెచ్చాయి, 2016లో మూడోది 18 కోట్ల దగ్గరే ఆగిపోయింది. నాలుగోది 2017లో థియేటర్లకి రావాల్సింది, తర్వాత టీవీకి చేద్దాం అన్నారు, తర్వాత అదీ లేదు. కథ ఎందుకోసం రాశారో ఆ సీనే ఎప్పటికీ తీయకుండా ఉండిపోయింది. ఒక్క సినిమాలో ముగించి ఉంటే బాగున్నా బాగోకపోయినా ఓ ముగింపంటూ ఉండేది కదా.

అపోహ: పిల్లల పుస్తకాలు కాబట్టి సినిమాల కంటే మెత్తగా ఉంటాయి

సరిగ్గా దీనికి ఉల్టా. హంగర్ గేమ్స్ పుస్తకంలో కాట్నిస్ ఊరి నుంచే ఆటకి వచ్చిన పీటా కాలు పోతుంది, సినిమాలో పోదు. పుస్తకంలో చివరికి మీదపడే మృగాలకి చనిపోయిన పిల్లల కళ్ళు ఉంటాయి, వాళ్ళతో చివరిదాకా పోటీపడ్డ కేటో రాత్రంతా నరకం చూసి పోతాడు. సినిమాకి టీనేజర్లు కూడా చూడగలిగే పీజీ-13 రేటింగ్ కావాలి, లేకపోతే పుస్తకం చదివిన పిల్లలే థియేటర్‌కి రాలేరు, అందుకని మొదటి రక్తపాతం సీన్‌లో శబ్దం తగ్గించేసి, కెమెరా ఊపేసి, దెబ్బ తగిలే ముందో తర్వాతో కట్ చేశారు. అంత చేసినా బ్రిటన్‌లో అలాంటిదే అయిన 12ఏ రేటింగ్ కోసం ఇంకో 7 సెకన్లు తగ్గించాల్సి వచ్చింది.

వయసు కూడా ఇలాగే. ది గివర్ జోనాస్‌కి పన్నెండేళ్ళు, సినిమాలో వాణ్ణి పదహారు దాటించి ఓ ప్రేమకథ తగిలించారు. చిన్న మార్పులా కనపడుతుంది కానీ పన్నెండేళ్ళ పిల్లాడు నాన్న చేసే పని ఏంటో, అంటే పసిపిల్లల్ని చంపడమని తెలుసుకోవడం వేరు, ఆల్రెడీ ఎదిగిన కుర్రాడు తెలుసుకోవడం వేరు.

అపోహ: లవ్ ట్రయాంగిల్ ఉంటే చాలు, అదే అమ్ముడుపోతుంది

పోస్టర్లు చూసి అనుకునే మాట. కాట్నిస్‌కి ప్రేమ ఓ ఎత్తుగడ. ఒక ముద్దుకి ఒక గిన్నె సూప్ దిగింది, ఓహో లెక్క ఇదా అని ఆమె కనిపెట్టి దాని ప్రకారం నటిస్తుంది, బయట నుంచి ఆ సూప్ పంపే వాళ్ళ గురువు, పాత ఆట విజేత హేమిచ్ ఒక్క మాట కూడా పంపకుండానే ఆయనకీ ఆమెకీ మధ్య ఆ బేరం నడుస్తుంది. సినిమాలో మనసులో లెక్క వినిపించలేరు కాబట్టి సూప్‌తో పాటు హేమిచ్ రాసిన చీటీ పెట్టారు. అవసరమే, లేకపోతే సగం మందికి అర్థం కాదు, కానీ ఆ మాటల్లేని తెలివి పోయింది. చివర్లో అదంతా నటనని తెలిసి పీటా మనసు విరిగే భాగం కూడా బాగా పలచబడిపోయింది. ప్రేమని ముందు పెట్టుకుని మిగతా లోకాన్ని కాపీ కొట్టిన నవలలు అప్పట్లో చాలానే వచ్చాయి, వాటిలో ఎక్కువ భాగం ఇప్పుడెవరికీ గుర్తు లేవు.

అపోహ: భారీ బడ్జెట్ లేకుండా ఈ లోకాలు కట్టలేం

మేజ్ రన్నర్ 2014లో 3.4 కోట్ల డాలర్లతో తీశారు, వెస్ బాల్‌కి అదే మొదటి ఫీచర్ సినిమా, 34 కోట్లకి పైగా వచ్చింది. 2018లో మోర్టల్ ఇంజిన్స్‌కి 10 కోట్లు పెడితే పెట్టింది కూడా తిరిగి రాలేదు. హంగర్ గేమ్స్‌లో కాట్నిస్ ఊరు డిస్ట్రిక్ట్ 12గా చూపించింది నార్త్ కరోలినాలో జనం వదిలేసిన ఓ పాత మిల్లు ఊరు, సెట్ వేసినా ఆ దుమ్మూ ఆ వెలిసిన చెక్కలూ వచ్చేవి కావు.

అపోహ: ఈ ట్రెండ్ చచ్చిపోయింది

2016, 2018 మధ్య వరసగా దెబ్బతిన్న మాట నిజం. కానీ 2023లో హంగర్ గేమ్స్ ముందుకథ సినిమా సుమారు 10 కోట్ల డాలర్లకి 34 కోట్లు దాటించింది, 2025 మార్చిలో వచ్చిన కాలిన్స్ నవల సన్‌రైజ్ ఆన్ ద రీపింగ్ మొదటి వారంలోనే ఇంగ్లిష్‌లో 15 లక్షల కాపీలు అమ్ముడైంది. దాని సినిమా 2026 నవంబర్‌కి ప్రకటించారు, డైరెక్టర్ మళ్ళీ ఫ్రాన్సిస్ లారెన్సే. నేను ఎదురుచూసేది ఓ ప్రత్యేకమైన కారణానికి. అది హేమిచ్ గెలిచిన ఆట కథ. క్యాచింగ్ ఫైర్ పుస్తకంలో కాట్నిస్, పీటా ఆ ఆట టేపు పెట్టుకుని చూస్తారు, అంటే హేమిచ్ బతుకుతాడని చదివేవాళ్ళకి ముందే తెలుసు. కొత్త పుస్తకం చెప్పేదేంటంటే ఆ టేపు ఎడిట్ చేసింది, జరిగింది వేరు అని. 2013 సినిమాలో ఆ టేపు సీన్ తీసేశారు. కాబట్టి సినిమాలు మాత్రమే చూసినవాళ్ళకి ముందు ప్రభుత్వం చూపించిన అబద్ధాన్ని చూపించి, వాళ్ళచేత నమ్మించి, అప్పుడు హేమిచ్ కళ్ళలోంచి నిజం చూపించాలి. రెండూ ఒకే కెమెరాతో.