సూపర్‌హీరో కామిక్స్‌లో తొలి పుస్తకం: అపోహలు - వాస్తవాలు

కామిక్స్ అమ్మే చోట పనిచేసేవారికి తరచుగా ఎదురయ్యే ప్రశ్న "ఎక్కడి నుంచి మొదలుపెట్టమంటారు?" అన్నదే. అడిగినవారు ఇప్పటికే ఏమి ఇష్టంగా చదువుతున్నారో, ఏమి చూస్తున్నారో తెలుసుకున్నాకే నేను పుస్తకాల అర వైపు కదులుతాను. ఈలోగా వారు వినివచ్చిన అపోహలు కొన్ని తీర్చవలసి వస్తుంది.

అపోహ: మొదటి సంచిక నుంచి వరుసగా చదవకపోతే కథ అర్థం కాదు.

వాస్తవం: సూపర్‌మ్యాన్ 1938లో, బ్యాట్‌మ్యాన్ 1939లో పుట్టారు. అన్నేళ్ల కథను పాఠకులు మోయలేరని ప్రచురణకర్తలకూ తెలుసు కనుకనే, ఈ ఇద్దరి కామిక్స్ ప్రచురించే డీసీ సంస్థ 1985-86లో ఒకసారి తన పాత్రల చరిత్రను తిరగరాసి, 2011లో మళ్లీ 52 పత్రికలను ఒకటో నంబరుతో మొదలుపెట్టింది. విక్రమార్కుడు శవాన్ని ఎన్నోసారి భుజాన వేసుకున్నాడో తెలియకపోయినా చందమామలో ఆ నెల బేతాళ కథ మనకు అర్థమయ్యేది కదా! గ్రాంట్ మోరిసన్ రాయగా ఫ్రాంక్ క్వైట్లీ బొమ్మలు వేసిన 'ఆల్-స్టార్ సూపర్‌మ్యాన్' మొదటి పుటలో నాలుగే బొమ్మలు, ఎనిమిదే మాటలు ఉంటాయి. నాశనమవుతున్న గ్రహం నుంచి బిడ్డను పెంచుకున్న దంపతుల వరకు పూర్వకథ అంతా అందులోనే ముగుస్తుంది. పన్నెండు సంచికల్లో పూర్తయ్యే ఈ కథను కొత్తవారికి నేను నిస్సంకోచంగా ఇస్తాను.

అపోహ: నచ్చిన సినిమా పేరే ఉన్న కామిక్‌ను ఇస్తే సరిపోతుంది.

వాస్తవం: ఎక్కువమంది నిరాశపడేది ఇక్కడే. 2016 నాటి 'సివిల్ వార్' సినిమా చూసి వచ్చినవారికి 2006-07 నాటి అదే పేరున్న కామిక్ ఇస్తే, సినిమాలో లేని పాత్రలు గుంపులుగా ఎదురవుతాయి. పైగా ఆ కథ అనేక ఇతర పత్రికల్లోకీ పాకింది. అందుకే సినిమాలో ఏది నచ్చిందో అడగాలి. కెప్టెన్ అమెరికాకు, అతని పాత సహచరుడు బకీకి మధ్య స్నేహమే నచ్చిందంటే, ఎడ్ బ్రూబేకర్ రాసిన 'ది వింటర్ సోల్జర్' వారికి సరైన పుస్తకం.

అపోహ: గొప్పదని పేరున్న పుస్తకాన్నే ముందు చదివించాలి.

వాస్తవం: అలాన్ మూర్, డేవ్ గిబ్బన్స్‌ల 'వాచ్‌మెన్' గొప్పదనంలో నాకు సందేహం లేదు. అయితే అది సూపర్‌హీరో కథల అలవాట్లనే నిలదీసే రచన కావడంతో, ఆ అలవాట్లు తెలియనివారికి అందులోని చురుకు సగమే తగులుతుంది. దానిని మూడో పుస్తకంగానో నాలుగో పుస్తకంగానో ఇవ్వడం మేలు.

అపోహ: బొమ్మలే కాబట్టి చదవడానికి శ్రమ ఉండదు.

వాస్తవం: కొత్తవారు మాటల బుడగలు మాత్రమే చదివి పుట తిప్పేస్తారు. మ్యాట్ ఫ్రాక్షన్, డేవిడ్ ఆజా చేసిన 'హాక్‌ఐ' పదకొండో సంచిక కథ మొత్తం ఒక కుక్క దృష్టిలో నడుస్తుంది; మనుషుల మాటల్లో దానికి తెలిసినవే మనకూ కనిపిస్తాయి, వాసనలన్నీ చిన్నచిన్న గుర్తులుగా బొమ్మల చుట్టూ అల్లుకుని ఉంటాయి. బుడగలు చదివి పోయేవారికి అక్కడ చేతికేమీ చిక్కదు.

అపోహ: ముసుగు వీరుడి బొమ్మ ఉంటే పిల్లల పుస్తకమే.

వాస్తవం: 1988 నాటి 'ది కిల్లింగ్ జోక్' అట్ట మీద బ్యాట్‌మ్యాన్ శత్రువు జోకర్ నవ్వుతుంటాడు, లోపల ఉన్నది మాత్రం క్రూరమైన హింస. పదేళ్లు దాటిన పిల్లలకైతే నేను జీన్ లుయెన్ యాంగ్ రాసిన 'సూపర్‌మ్యాన్ స్మాషెస్ ది క్లాన్' ఇస్తాను. 1946లో, సూపర్‌మ్యాన్ ఉండే మెట్రోపోలిస్‌లో, చైనాటౌన్ నుంచి నగరం నడిబొడ్డుకు మారిన ఒక చైనీస్ కుటుంబంలోని అన్నాచెల్లెళ్ల కథ కనుక, విదేశాల్లో పెరుగుతున్న మన పిల్లలకు ఇది ఇంకాస్త దగ్గరగా తోస్తుంది.