గాలికన్ను

బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి విండో సీటు పట్టేయడం మనకు వెన్నతో పెట్టిన విద్య. ఆ ‘విండో’ మాత్రం పుట్టుకతో ఇంగ్లిషు మాట కాదు. నార్వే, డెన్మార్క్ ప్రాంతాల నుంచి ఓడలెక్కి వెళ్ళి ఇంగ్లండులో కాపురాలు పెట్టిన వైకింగుల భాషది. పాత నార్స్ అనే ఆ భాషలో దాన్ని ‘విందౌగ’ అనేవారు. మొదటి సగం గాలి, రెండో సగం కన్ను. గాలికన్ను!

నార్వేలో ఇప్పటికీ కిటికీని ‘విందు’ అంటారు (మన విందుతో చుట్టరికం లేదు, భోజనం ఆశించకండి). పలికీ పలికీ అరిగిపోయిన మాట ఇది. ఇప్పుడక్కడ గాలిని ‘విన్’ అనీ, కన్నును ‘ఓయె’ అనీ అంటారు కాబట్టి, ‘విందు’లో ఆ కన్ను చప్పున కనబడదు. అయితే నార్వే భాషను రాయడానికి రెండు పద్ధతులున్నాయి. ‘విందు’ అని రాసే బూక్‌మోల్, డేనిష్ రాతలోంచి పెరిగింది. రెండోది నీనొర్స్క్. 19వ శతాబ్దంలో ఈవార్ ఓసెన్ అనే ఆయన ఊరూరా తిరిగి, పల్లె మాండలికాలు పోగుచేసి దానికి పునాది వేశాడు. అందులో కన్ను ‘ఔగె’, కిటికీ ‘విందౌగె’. పల్లె నోళ్ళలో కన్ను చెక్కుచెదరలేదన్నమాట.

అసలు కిటికీకి గాలితో పనేమిటి? నార్వేలో పాతకాలపు చెక్క ఇంట్లోకి వెళ్తే తెలుస్తుంది. నేల మధ్యలో నిప్పు మండుతూ ఉంటుంది, పొగగొట్టం ఉండదు. దానికి పైన కప్పులో ఒక కన్నం. పొగ పోవాలన్నా వెలుగు రావాలన్నా అదే దారి. దాన్ని మూయడానికి చెక్క చట్రానికి జంతువుల పలచటి పొరను బిగించి వాడేవారు. గాజు లేని రోజుల్లో గాలి వచ్చేపోయే కంతకు అంతకంటే తగిన పేరేముంటుంది?

పక్కనున్న స్వీడన్ వాళ్ళు మాత్రం ‘ఫెన్‌స్టర్’ అంటారు. అది లాటిన్ ‘ఫెనెస్ట్రా’ జర్మనీ మీదుగా వెళ్ళి స్థిరపడిన మాట.

కంతను కన్నుగా చూడటం మనకూ కొత్త కాదు. కొబ్బరికాయకు మూడు కళ్ళంటాం. సంస్కృతం నుంచి తెచ్చుకున్న ‘గవాక్షం’ విడదీస్తే ఆవు కన్ను. రష్యన్‌లో కిటికీ ‘అక్నో’, అదీ కన్ను అనే పాత మాట నుంచే.

వైకింగులు రాకముందు ఇంగ్లిషు వాళ్ళ దగ్గరా ఇలాంటి మాటే ఉండేది: ‘ఏగ్‌థిరెల్’, కంటి కంత. గాలికన్ను వచ్చి దాన్ని వెళ్ళగొట్టింది. ఆ ‘థిరెల్’ మాత్రం పూర్తిగా పోలేదు. ముక్కులో దాక్కుంది, ‘నాస్ట్రిల్’ చివర్లో.