మ్యూజియంలో స్వాతంత్ర్యం గురించి మాట్లాడటం: అపోహలు, వాస్తవాలు

ఆగస్టు దగ్గరపడుతుంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "స్వాతంత్ర్య దినోత్సవానికి ఒక గంట కార్యక్రమం కావాలండీ. ఒక ఉపన్యాసం, ఒక దేశభక్తి గీతం, పిల్లలకు మిఠాయిలు. అంతే చాలు" అంటారు. విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో మ్యూజియం సందర్శకుల కోసం స్వాతంత్ర్యోద్యమం గురించి, పౌరుల హక్కులు, బాధ్యతల గురించి కార్యక్రమాలు నిర్వహించడం నా వృత్తి. ఆ గంట చాలదని ఒప్పించడమే ఈ పనిలో అన్నిటికంటే కష్టం. ఎందుకు చాలదో, నేను తరచూ వినే కొన్ని అపోహలను ముందు పెట్టుకుని చెబుతాను.

అపోహ: పింగళి వెంకయ్య గారు ఇచ్చిన జెండాను బెజవాడ సమావేశం ఆమోదించింది. నేటి జాతీయ పతాకం అదే.

వాస్తవం: మన ప్రాంతం గర్వంగా చెప్పుకునే కథ ఇది. అందుకే ఇందులో వివరాలు తప్పకూడదని నా పట్టుదల. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బెజవాడలో సమావేశమైంది. దేశానికి ఒక జెండా ఉండాలని వెంకయ్య గారు అప్పటికే ఏళ్ల తరబడి తిరుగుతున్నారు, 1916లో దాని మీద ఒక పుస్తకం కూడా ప్రచురించారు. గాంధీజీ కోరగానే మూడు గంటల్లో ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నం ఉన్న నమూనా తయారుచేసి ఇచ్చారు. రాట్నం ఉండాలన్న ఆలోచన జలంధర్‌కు చెందిన లాలా హంసరాజ్‌ది. అయితే నమూనా చేతికి వచ్చేసరికి కాస్త ఆలస్యమైందని, కమిటీ ముందు పెట్టడం కుదరలేదని గాంధీజీ ఆ ఏప్రిల్‌లోనే 'యంగ్ ఇండియా' పత్రికలో రాశారు. ఆలస్యం కావడమే మంచిదైందని కూడా అన్నారు. ఆ నమూనాలో ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లింలకు గుర్తు. నిదానంగా ఆలోచించాక, మిగతా మతాలవారికీ అందులో చోటుండాలని తెలుపు రంగును చేర్చమన్నారు.

కథ అక్కడితో ముగియలేదు. 1931లో జెండాపై కాంగ్రెస్ ఒక కమిటీ వేసింది. మచిలీపట్నంలో వైద్యం చేసిన భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు అందులో సభ్యులు. ఆ ఏడాదే ఎరుపు స్థానంలో కాషాయం వచ్చింది, రంగులను మతాలతో ముడిపెట్టకూడదని తీర్మానించారు. 1947 జులై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన పతాకంలో రాట్నం ఉన్నచోట అశోక చక్రం నిలిచింది.

ఇలా చెప్పడం వెంకయ్య గారిని తక్కువ చేయడమేనని ఒక పెద్దాయన సభలోనే లేచి నా మీద కోప్పడ్డారు. ఆయన బాధ నాకు అర్థమైంది. కానీ ఇరవై ఆరేళ్లపాటు ఇంతమంది వాదించుకుని, సవరించుకుని, ఒప్పుకున్న జెండాకు తొలి రూపం ఇవ్వడం ఎంత పెద్ద మాట! ఆ వాదననే నేను పిల్లల చేత మళ్లీ చేయిస్తాను. బల్ల మీద రంగు కాగితాలు, కత్తెర, జిగురు పెట్టి, ఈ గదిలో ఉన్న అందరికీ చోటున్న జెండా చేయమంటాను. పది నిమిషాల్లో తగవు మొదలవుతుంది. ఎవరి రంగు పైన ఉండాలి? రంగు లేనివారి సంగతేమిటి? ఆ తగవు తేలాకే 1921, 1931, 1947 జెండాల నమూనాలు వరసగా చూపిస్తాను. ముందే చూపిస్తే వాటిని అచ్చంగా అలాగే కత్తిరించి అతికిస్తారు.

అపోహ: మ్యూజియంలో ఉండేవి పాత రాళ్లు, నాణేలు. వాటికీ స్వాతంత్ర్యానికీ ఏం సంబంధం?

వాస్తవం: భవనంతోనే మొదలుపెట్టవచ్చు. విజయవాడ బాపు మ్యూజియం పాత భవనానికి 1887లో విక్టోరియా రాణి పాలన స్వర్ణోత్సవం పేరిట శంకుస్థాపన చేసింది అప్పటి కృష్ణా జిల్లా కలెక్టర్ రాబర్ట్ సీవెల్. రాణి పేరు మోసిన భవనం ఇప్పుడు చిత్రకారుడు బాపు పేరు మోస్తోంది. అమరావతి స్తూపం దగ్గర తవ్వించిందీ ఆ సీవెలే. అక్కడి శిల్పాల్లో చాలా భాగం నేడు చెన్నైలో, లండన్‌లో ఉన్నాయి. "మన ఊరి రాయి ఎక్కడ ఉండాలో నిర్ణయించేది ఎవరు?" అని అడిగి ఊరుకుంటే చాలు, మిగతాది సందర్శకులే మాట్లాడతారు.

అపోహ: స్వాతంత్ర్య పోరాటమంటే మహానాయకుల చరిత్ర. కుళాయి, కాలువ, ఇంటి పన్ను లాంటి విషయాలు అందులోకి రావు.

వాస్తవం: చీరాల-పేరాల గురించి తెలిసినవారెవరూ ఈ మాట అనలేరు. అప్పట్లో గుంటూరు జిల్లాలో ఉన్న ఆ జంట గ్రామాలను ప్రభుత్వం పురపాలక సంఘంగా మార్చింది. పన్నులు ఎన్నో రెట్లు పెరిగాయి, నేత పనివారు, చిన్న రైతులు మోయలేమన్నారు. ఆ ఉద్యమం మొదలైంది మున్సిపాలిటీ పన్ను దగ్గర! దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వంలో, 1921 వేసవిలో, జనంలో అత్యధికులు ఇళ్లు వదిలి ఊరి పొలిమేర దాటి పాకలు వేసుకున్నారు. దానికి రామ్‌నగర్ అని పేరు పెట్టుకున్నారు. సుమారు పదకొండు నెలలు అక్కడే ఉన్నారు.

ఇది కథగా చెబితే పిల్లలు వింటారు, మరిచిపోతారు. అందుకే ఒక్కొక్కరికి ఒక చీటీ ఇస్తాను. ఒకరికి మగ్గం ఉంది, ఒకరికి ప్రభుత్వ ఉద్యోగం, ఒకరికి పురిటికి వచ్చిన కూతురు. "పన్ను కడతారా, ఊరు వదులుతారా?" గుంటూరులో ఒక చిన్నమ్మాయి చీటీ చదువుకుని, "మా అమ్మమ్మ నడవలేదండీ, ఆమెను ఎవరు మోస్తారు?" అని అడిగింది. ఆ తరువాత చాలాసేపు ఎవరూ ఊరు వదులుతామని తేలిగ్గా అనలేకపోయారు. చివరికి దుగ్గిరాల వారు జైలుకు వెళ్లారని, జనం తిరిగి ఇళ్లకు చేరారని, మున్సిపాలిటీ అలాగే ఉండిపోయిందని కూడా చెబుతాను. వాళ్లు ఓడిపోయారా? ఈ ప్రశ్నకు నేను జవాబు చెప్పను. ఆ తరువాత "మీ వార్డులో పన్ను ఎంతో, దానితో ఏ పని జరిగిందో తెలుసా?" అని అడిగితే పెద్దవాళ్లు కూడా కుర్చీలు ముందుకు జరుపుకుంటారు.

అపోహ: ఓటు, హక్కులు అంటే రాజకీయం. మ్యూజియంలో వద్దు.

వాస్తవం: పార్టీ పేరు, అభ్యర్థి పేరు మా కార్యక్రమంలో ఎత్తం. ఈ నియమం విషయంలో నేను చాలా కఠినంగా ఉంటాను. కానీ ఓటు ఎలా వచ్చిందో చెప్పకుండా స్వాతంత్ర్యం గురించి ఏం చెబుతాం? కౌలు రైతు, దుకాణదారు, చాకలి, పట్టభద్రుడు అని అట్టముక్కలు పంచి, 1946లో మీలో ఎవరికి ఓటుందని అడుగుతాను. ఆస్తి, పన్ను చెల్లింపు, చదువు లాంటి అర్హతలున్న కొద్దిమందే లేస్తారు. వయోజనులందరికీ ఓటున్న తొలి సార్వత్రిక ఎన్నికల ఏడాది, 1952 అనగానే గది మొత్తం లేస్తుంది. నాకు ఈ వృత్తిలో అన్నిటికంటే ఇష్టమైన క్షణం అదే. వయోపరిమితి 21 నుంచి 18కి తగ్గింది 1989లోనేనని, పదిహేడేళ్లు నిండినవారు ఇప్పుడు ముందుగానే ఓటరు నమోదు దరఖాస్తు అయిన ఫారం 6 ఇవ్వవచ్చని అక్కడే చెబుతాను.

అపోహ: హాలు నిండితే కార్యక్రమం విజయవంతమైనట్లే.

వాస్తవం: మూడు వందల మందిని కూర్చోబెడితే మైకు ఒక్కటే మాట్లాడుతుంది. ముప్పై మంది గుండ్రంగా కూర్చుంటే అందరూ మాట్లాడతారు. నిర్వాహకులకు ఫొటోలో జనం కనిపించాలి, ఆ ఇబ్బంది నాకు తెలుసు. అందుకే అదే రోజు నాలుగు విడతలుగా చేద్దామని అడుగుతాను. తల్లిదండ్రులను కూడా లోపలికి రానివ్వమంటాను, ఎందుకంటే వార్డు సభకు వెళ్లవలసింది వాళ్లే. ఆగస్టు 15 కార్యక్రమం కావాలనుకునేవారు జూన్‌లోనే మాట్లాడండి. పిల్లల వయసు, సంఖ్య, ఏ ఊరినుంచి వస్తున్నారో చెబితే, ఆ ఊరికి చెందిన ఉద్యమ కథను వెతికి తెస్తాను.