పులిహోర అన్నం పళ్లెంలో ఎందుకు ఆరబోస్తాం?

గుంటూరు నుంచి ఒక పాఠకురాలి ప్రశ్న: "వేడన్నంలోనే పులుసు కలిపితే ముద్దవుతుంది, ఆరబోసి కలిపితే పొడిపొడిగా ఉంటుంది. తడి ఆరిపోవడమేనా కారణం?"

తడి పాత్ర కొంతే. అసలు పనంతా పిండిపదార్థానిది.

ఆకు చక్కెర ఎలా తయారుచేస్తుందో బడిలో చదివిందే, వదిలేద్దాం. గింజ ఆ చక్కెరను విడి గ్లూకోజుగా దాచుకుంటే కణంలోకి నీళ్లు లాక్కుని ఉబ్బిపోతుంది. అందుకే గొలుసులు కట్టి, గట్టి రేణువులుగా సర్దుకుంటుంది. అదే పిండిపదార్థం. గొలుసులు రెండు రకాలు. అమైలోజ్ దాదాపు కొమ్మల్లేని పొడుగాటి తీగ. అమైలోపెక్టిన్ గుబురు చెట్టు, ఇరవై ముప్ఫై గ్లూకోజులకో కొమ్మ. కొమ్మలెక్కువైతే కొసలూ ఎక్కువే. మొలకెత్తే రోజున ఎంజైములు వందల చోట్ల ఒకేసారి కొరకడం మొదలెడతాయి.

జిగురు బియ్యంలో అమైలోజ్ దాదాపు ఉండదు. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన మన బీపీటీ 5204, అదే సాంబమసూరిలో, పిండిపదార్థంలో సుమారు నాలుగో వంతు అమైలోజే. పులిహోర పొడిపొడిగా రావడానికి ఆ నాలుగో వంతే ఆధారం.

ఎసరు 70 డిగ్రీలు దాటాక రేణువులు నీళ్లు తాగి ఉబ్బుతాయి, లోపలి అమరిక చెదురుతుంది, అమైలోజ్ బయటికి కారుతుంది. గంజిలోకి చేరేది ఇలా కారిన పిండిపదార్థమే. వేడిగా ఉన్నంతసేపు అలా కారిన పిండిపదార్థం గింజకీ గింజకీ మధ్య జిగురు. చల్లారేకొద్దీ అమైలోజ్ తీగలు రెండేసి పురివేసుకుని గట్టిపడతాయి. గింజ బిగుస్తుంది, జిగురు తగ్గుతుంది.

కాబట్టి గ్లాసుకి రెండు గ్లాసులు పోసేవాళ్లు పులిహోరకి పావు గ్లాసు తగ్గించాలి. వేడిగా ఉండగానే వెడల్పాటి పళ్లెంలోకి తీసి, పసుపు, రెండు చెంచాల నూనె వేసి అట్లకాడ అంచుతో విడదీయాలి. గరిటెతో నొక్కితే మెతుకు విరుగుతుంది, విరిగినచోట మళ్లీ జిగురు కారుతుంది. అరగంట చాలు.

కొత్త బియ్యంతో ఇవన్నీ చేసినా ముద్దే. అమైలోజ్ తక్కువై కాదు. నిలవుండేకొద్దీ రేణువుల చుట్టూ ఉన్న ప్రోటీన్ బిగుసుకుని కారడాన్ని అడ్డుకుంటుంది. కొత్త గింజలో ఆ బిగువింకా రాలేదు.

ఫ్రిజ్ అన్నం బిరుసెక్కేదీ ఇలాంటి పురి వల్లే, అయితే అక్కడ అమైలోపెక్టిన్ కొమ్మలు కూడా నెమ్మదిగా పురివేసుకుంటాయి. ఆవిరి పట్టిస్తే అమైలోపెక్టిన్ కట్టు 60 డిగ్రీలకే వదులవుతుంది. అమైలోజ్ పురి మాత్రం 100 దాటినా వీడదు. అందుకే వేడిచేసిన చద్దన్నం మెత్తబడుతుందే గానీ అప్పుడే దించిన అన్నంలా అవదు.

2017లో అన్నం ముద్ద బంతిలా ఎగిరిందని "ప్లాస్టిక్ బియ్యం" అంటూ హడలిపోయారు. బిగిసిన అమైలోజ్ ముద్ద ఎగురుతుంది మరి. అనుమానముంటే గంజిలో నీళ్లు కలిపి పల్చన చేసి, గాయాలకు పూసే పొవిడోన్ అయోడిన్ రెండు చుక్కలు వేయండి: ముదురు నీలం. ప్లాస్టిక్‌కి ఆ రంగు రాదు. ఆ గంజిని వేడిచేస్తే నీలం మాయమవుతుంది, చల్లారితే తిరిగొస్తుంది. ఎక్కువసేపు మరిగిస్తే మాత్రం రాదు, అయోడిన్ ఆవిరైపోతుంది.