స్టెప్ ఫైలు పంపే ముందు

పిల్లలూ, మీ పెదనాన్న దీవించి రాసేది. పాలిటెక్నిక్ అయిపోగానే ఒకడికి కొత్తూరులో, ఇంకొకడికి చౌటుప్పల్‌లో పని దొరికింది, సంతోషం. మొన్న చిన్నోడు ఫోన్లో అడిగాడు, సాలిడ్‌వర్క్స్ అనే త్రీడీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో చేసిన పార్ట్, కస్టమర్ వాడే క్యాటియా అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో సరిగ్గా ఎందుకు రావట్లేదని.

ఏ సాఫ్ట్‌వేర్ ఫైలు దాని సొంత పద్ధతిలో ఉంటుందిరా, పక్కదానికి అది అంతుబట్టదు. అంతెందుకు, ఎయిర్‌బస్ ఏ380కి హాంబర్గ్‌లో ఒక క్యాటియా వెర్షన్, టూలూజ్‌లో ఇంకో వెర్షన్ వాడితే వైర్లు పొడవు చాలక విమానాలే ఆలస్యమయ్యాయి, 2006లో పెద్ద గొడవ అది.

అందుకే మధ్యలో అందరూ చదవగలిగే ఫైలు కావాలి. 1980లో ఐజెస్ అనే అలాంటి ఫైలు పద్ధతి వచ్చింది. అందులో చాలాసార్లు పైపొరలే వస్తాయి, వాటి మధ్య సందులు పడితే అతికించుకునే తిప్పలు అవతలివాడివి. 1994లో వచ్చిన స్టెప్, అంటే ఐఎస్ఓ 10303 అనే ప్రమాణం, సాలిడ్‌ను (లోపలంతా నిండిన ఆకారాన్ని) సాలిడ్‌గానే తీసుకెళ్తుంది. ఎవరూ ఏమీ చెప్పకపోతే అదే పంపండి.

ఒకసారి దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. పైన ఐఎస్ఓ-10303-21 అని ఉంటుంది, కిందంతా హ్యాష్ నంబర్లతో ఇది బిందువు, ఇది అంచు, ఇది తలం, కొలత మిల్లీమీటర్లలో అని మామూలు అక్షరాల్లోనే రాసి ఉంటుంది. కానీ మీరు ముందు ఏ గీతను ఎక్స్‌ట్రూడ్ చేసి మందం ఇచ్చారో, అంచును గుండ్రం చేసే ఫిల్లెట్ ఎప్పుడు వేశారో ఎక్కడా కనపడదు. దీన్ని డంబ్ సాలిడ్, అంటే ఎలా చేశారో చెప్పని మూగ ఆకారం, అనేది అందుకే. డిజైన్ మార్చాలంటే మళ్లీ మీ ఒరిజినల్ ఫైలే దిక్కు.

ఎస్‌టీఎల్ అనే ఇంకో రకం ఫైలు మాత్రం మిషనింగ్‌కు, అంటే మిషన్ మీద కోసి పార్ట్ చేసే పనికి, పంపొద్దు. అందులో ఉండేవి త్రిభుజాలే, గుండ్రటి బోర్ (రంధ్రం) కూడా పలకలు పలకలుగా మారిపోతుంది. పైగా యూనిట్ రాసి ఉండదు, మీ 50 మిల్లీమీటర్లను వాళ్లు 50 అంగుళాలని తెరిస్తే పార్ట్ 25.4 రెట్లు పెరుగుతుంది! త్రీడీ ప్రింటింగ్‌కైతే ఓకే.

ఇక టాలరెన్సులు, అంటే కొలత ఎంత అటూ ఇటూ అయినా పర్వాలేదనే హద్దులు. స్టెప్‌లోనే ఏపీ 203, 214 అనే రెండు రకాలను కలిపి 2014లో ఏపీ 242 తెచ్చారు, టాలరెన్సులు కూడా మోడల్‌తో పాటే వెళ్లాలని. రెండు వైపులా సాఫ్ట్‌వేర్ దాన్ని చదవగలగాలి మరి, అందుకే నేనైతే పీడీఎఫ్ డ్రాయింగ్ జత చేయకుండా ఏ ఫైలూ పంపనివ్వను. పంపేముందు ఎక్స్‌పోర్ట్ చేసినదాన్ని మీరే మళ్లీ తెరిచి ఒక బోర్ వ్యాసం కొలవండి, రెండు నిమిషాల పని. ఫైలు పేరులో రివిజన్ నంబర్ పెట్టండి, "ఫైనల్ కొత్తది 2" లాంటివి కాదు.

చిన్నోడా, నీ ఎక్స్‌పోర్ట్ సెట్టింగ్ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు, అందులో 242 ఉందో లేదో చూసి చెప్తా.