కొత్త కూలర్ బిగించినా ప్రాసెసర్ వేడి తగ్గలేదా? అపోహలు - వాస్తవాలు

ప్రాసెసర్‌తో పాటు వచ్చే స్టాక్ కూలర్ తీసేసి రెండు ఫ్యాన్ల టవర్ కూలరో, 360 ఎంఎం లిక్విడ్ కూలరో పెట్టాక కూడా స్క్రీన్ మీద 95 డిగ్రీలు కనిపిస్తే అనుమానం ముందు కూలర్ మీదికే పోతుంది. చాలాసార్లు తప్పు దానిది కాదు. డిగ్రీల అంకె ఒక్కటే చూసి లోపం ఎక్కడుందో చెప్పలేం. ఆ సమయానికి ప్రాసెసర్ ఎన్ని వాట్లు లాగుతోంది, వేడి ఎంతసేపట్లో అక్కడికి ఎక్కింది అనే రెండూ పక్కన ఉండాలి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో డిగ్రీలూ వాట్లూ ఒకే చోట కనిపిస్తాయి. ముందు అది తెరిచి పెట్టుకోండి.

అపోహ: 95 డిగ్రీలు తాకితే ప్రాసెసర్ కాలిపోతుంది.

ఏ చిప్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఏఎండీ కంపెనీ రైజెన్ 7600ఎక్స్, 7700ఎక్స్, 7950ఎక్స్ లాంటివి కోర్లన్నిటికీ పని పడినప్పుడు 95 డిగ్రీల దాకా వెళ్లేలా తయారైనవే. ఆ హద్దులోపల ఎంత వీలైతే అంత వేగం తీసుకుంటాయి. అందుకే వీటికి ఇంకా పెద్ద కూలర్ పెట్టినా అంకె అక్కడే నిలబడి, క్లాక్ స్పీడ్ మాత్రం కాస్త పెరగొచ్చు. 7800ఎక్స్3డీకి హద్దు 89 డిగ్రీలు. ఇంటెల్ 12, 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌లలో ఎక్కువ వాటికి 100. హద్దు తాకగానే చిప్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. అప్పటికీ వేడి ఆగకపోతే సిస్టమ్ ఆఫ్ అయిపోతుంది.

7950ఎక్స్ 230 వాట్లు లాగుతూ 95 చూపిస్తే అది దాని పని. 7600ఎక్స్ మంచి టవర్ కూలర్ కింద 80 వాట్లకే 95 చూపిస్తే మాత్రం ఎక్కడో బిగింపు చెడింది.

అపోహ: కూలర్ కూర్చుంది, స్క్రూలు పట్టాయి, కాబట్టి బిగింపు సరిగ్గానే ఉంది.

ఎక్కువ తిప్పలు వచ్చేది ఇక్కడే. ముందు ఒక చిన్న పరీక్ష. ప్రాసెసర్ మీద పూర్తి భారం వేసే సినీబెంచ్ ఆర్23 ప్రోగ్రామ్‌లో అన్ని కోర్ల పరీక్ష మొదలుపెట్టి హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో గ్రాఫ్ చూడండి. రెండు మూడు సెకన్లలోనే, తక్కువ వాట్లకే హద్దు తాకిందా? కూలర్ అడుగు చిప్‌ను సరిగ్గా తాకడం లేదు. 70 దగ్గర మొదలై పది నిమిషాల్లో మెల్లగా 90కి పాకిందా? తాకిడి బాగానే ఉంది, వేడి గాలికి బయటికి దారి లేదు. ఈ రెండూ వేరు వేరు జబ్బులు, మందులూ వేరే.

మొదటి రకమైతే కూలర్ విప్పాల్సిందే. సిస్టమ్‌ను ఐదు పది నిమిషాలు నడిపి, చిప్‌కూ కూలర్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్ట్ వేడిగా ఉండగా ఆఫ్ చేసి, వైరు పీకండి. స్క్రూలు విప్పాక కూలర్‌ను నేరుగా పైకి లాగొద్దు, కుడికీ ఎడమకీ కొద్దికొద్దిగా తిప్పుతూ తీయండి. ముఖ్యంగా ఏఎం4లో (పాత రైజెన్ చిప్‌లు కూర్చునే సాకెట్) చల్లారిన పేస్ట్ బంకలా పట్టేస్తుంది. లాగితే ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి.

విప్పాక ఏదీ తుడవొద్దు. చిప్ మీద, కూలర్ అడుగున పడిన పేస్ట్ అచ్చును లైటు కింద పెట్టి చూడండి. నడి మధ్యలో పొర పల్చగా, అడుగున ఉన్న లోహం మసగ్గా కనిపించేంతగా ఉంటే తాకిడి బాగుంది. ఒక పక్క పల్చగా ఉండి ఎదుటి పక్క గట్టు కట్టినట్టు మందంగా ఉంటే కూలర్ వంకరగా కూర్చుంది. మీరు వేసిన చుక్క వేసినట్టే ఉండి చుట్టూ లోహం శుభ్రంగా మెరుస్తుంటే అసలు తాకనేలేదు. అచ్చు మొత్తం కూలర్ వైపు నున్నటి పారదర్శక ప్లాస్టిక్ మీద పడి ఉంటే, అది కూలర్ అడుగున కంపెనీ అంటించిన రక్షణ పొర. పీకడం మరిచిపోయారు. నవ్వొద్దు, అనుభవం ఉన్నవాళ్లూ మరిచిపోతారు.

వంకర ఎందుకొస్తుందంటే, ఒక మూల స్క్రూను పూర్తిగా బిగించి తర్వాత రెండో దానికి వెళ్లడం వల్ల. నాలుగింటినీ ముందు వేళ్లతో పట్టించి, ఎదురెదురు మూలలకు మారుతూ ఒక్కోదానికి రెండేసి చుట్లు తిప్పాలి. చాలా కూలర్లలో స్క్రూ ఒకచోట ఆగిపోతుంది. అక్కడితో వదిలేయండి.

అసలు తాకకపోవడానికి కారణం ఎక్కువగా తప్పు బ్రాకెట్. ఇంటెల్ 10, 11 తరాల సాకెట్ ఎల్‌జీఏ1200లో రంధ్రాల మధ్య దూరం 75 ఎంఎం, 12 నుంచి 14 తరాల సాకెట్ ఎల్‌జీఏ1700లో 78 ఎంఎం. దానికి తోడు ఎల్‌జీఏ1700లో చిప్ పైభాగం కొంచెం కిందికి ఉంటుంది. పాత కూలర్ బ్రాకెట్‌ను ఎలాగో సర్ది ఎక్కించినా నొక్కుడు చాలదు. ఈ సాకెట్‌కు కంపెనీ ఇచ్చే బ్రాకెట్లు, స్టాండాఫ్‌లే (బ్రాకెట్‌ను బోర్డు మీద ఎత్తులో నిలిపే పొట్టి స్తంభాలు) వాడాలి. ఏఎం4లో చాలా కూలర్లకు మదర్‌బోర్డ్ మీది ప్లాస్టిక్ బ్రాకెట్లు తీసేయాలి, వెనక బ్యాక్ ప్లేట్ ఉంచాలి. ఆ నాలుగు స్క్రూలు తీయగానే ప్లేట్ వెనక నుంచి జారిపడుతుంది కాబట్టి ఒక చేత్తో పట్టుకోండి. ఏఎం5లో (రైజెన్ 7000 చిప్‌ల సాకెట్) ఆ బాధ లేదు, ప్లేట్ సాకెట్‌తోనే బిగిసి ఉంటుంది. కాకపోతే సొంత బ్యాక్ ప్లేట్ అడిగే పాత ఏఎం4 కూలర్లు దానికి సరిపోవు.

అపోహ: థర్మల్ పేస్ట్ ఎంత దట్టంగా పూస్తే అంత చల్లన.

పేస్ట్ పని రెండు లోహాల మధ్య కంటికి కనిపించని గుంటల్లోంచి గాలిని తరిమేయడం, అంతే. రాగితో పోలిస్తే పేస్ట్ వేడిని చాలా తక్కువగా మోస్తుంది, గాలితో పోలిస్తే చాలా ఎక్కువగా. కాబట్టి పొర పల్చగా, అంతటా ఉండాలి. ఏఎం4 మీద బఠాణీ గింజంత చుక్క చాలు. నిలువుగా పొడుగ్గా ఉండే ఎల్‌జీఏ1700 మీద మధ్యలో నిలువు గీత గానీ, మూల నుంచి మూలకు రెండు సన్నటి అడ్డగీతలు గానీ వేయండి. కొంచెం ఎక్కువైతే నొక్కుడికి పక్కలకు వచ్చేస్తుంది, తుడుచుకునే పని తప్ప నష్టం లేదు. తక్కువైతేనే ప్రమాదం. పాతది తుడవడానికి 90 శాతం పైన ఉన్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూగు రాలని గుడ్డ చాలు. కూలర్ విప్పిన ప్రతిసారీ కొత్త పేస్ట్ వేయాలి.

ఇక లిక్విడ్ మెటల్: అందులోని గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది, పైగా అది కరెంటును ప్రవహింపజేస్తుంది. మొదటిసారి కూలర్ మార్చేవాళ్లు దాని జోలికి పోకపోవడమే మేలు.

అపోహ: కూలర్ డబ్బా మీద 250 వాట్లని ఉంది, నా చిప్ 125 వాట్లదే.

రెండు అంకెలూ నమ్మదగ్గవి కావు. కూలర్ వాట్లకు కంపెనీలన్నీ ఒప్పుకున్న ఒకే కొలత లేదు. 125 అన్నది ఐ9-13900కే బేస్ పవర్ మాత్రమే, దాని గరిష్ఠ టర్బో పవర్ 253 వాట్లు. కొన్ని మదర్‌బోర్డులు బయోస్‌లో (సిస్టమ్ ఆన్ అయ్యేటప్పుడు తెరుచుకునే సెట్టింగుల మెనూ) చిప్ ఎన్ని వాట్లు లాగొచ్చో చెప్పే పీఎల్1, పీఎల్2 హద్దులను 4095 వాట్లని పెట్టేస్తాయి, అంటే హద్దే లేనట్టు. అలాంటప్పుడు ఏ కూలరైనా చేతులెత్తేస్తుంది. బయోస్‌లోకి వెళ్లి ఆ రెండు హద్దుల్నీ ఇంటెల్ చెప్పిన అంకెకు దించండి. రైజెన్ 7700ఎక్స్ అయితే 65 వాట్ల ఎకో మోడ్ (వాట్లు తగ్గించే సెట్టింగ్) పెడితే, పేరులో 65 ఉన్నా చిప్ 142 వాట్ల బదులు 88 దగ్గర ఆగుతుంది. గేముల్లో తేడా పట్టుకోవడం కష్టం.

ఇంకో మాట. రైజెన్ 7000 చిప్‌లో కోర్లుండే ముక్క వైశాల్యం 70 చదరపు మిల్లీమీటర్ల అటూఇటూ. అంత చిన్న చోటు నుంచి వేడి బయటికి రావడమే కష్టం. అందుకే వాట్లు తక్కువైనా డిగ్రీలు ఎక్కువ కనిపిస్తాయి.

అపోహ: లిక్విడ్ కూలర్‌కు ఫ్యాన్లు తిరుగుతుంటే చాలు.

లోపలి ద్రవాన్ని తిప్పే పంప్ కూడా తిరగాలి. అన్ని ఫ్యాన్లూ గిర్రున తిరుగుతూ, చిప్ 100 దగ్గర ఉండి, చేత్తో తాకితే ఫ్యాన్లు బిగించిన రేడియేటర్ చల్లగా ఉంటే పంప్ ఆగిపోయింది, లేదా దాని వైరు ఊడింది. పంప్ వైరును బోర్డు మీది పంప్ హెడర్‌కు (ఆ వైరు గుచ్చే పిన్నులు) పెట్టి, బయోస్‌లో ఎప్పుడూ పూర్తి వేగంలో ఉంచండి. వేడిని బట్టి వేగం మార్చే మామూలు ఫ్యాన్ కర్వ్‌కు వదిలేయొద్దు. రేడియేటర్ పైభాగం పంప్ కంటే ఎత్తులో ఉండాలి, లేకపోతే లోపలి గాలి బుడగలు పంప్‌లోకి చేరతాయి.

అపోహ: క్యాబినెట్‌కు ఫ్యాన్లు ఎన్ని ఎక్కువైతే అంత మంచిది.

పక్క తలుపు తీసి అదే పరీక్ష మళ్లీ పెట్టండి. వేడి బాగా దిగితే లోపం క్యాబినెట్‌లోనే ఉంది. ముందు భాగం మొత్తం గాజు పలకైతే లోపల ఆరు ఫ్యాన్లున్నా పీల్చడానికి గాలి ఎక్కడిది? ఫ్యాన్ దిశ కూడా చూసుకోండి: మోటారును పట్టుకునే కమ్మీలు ఉన్న వైపు నుంచే గాలి బయటికొస్తుంది. టవర్ కూలర్ ఫ్యాన్ క్యాబినెట్ వెనక ఫ్యాన్ వైపు ఊదాలి. గది 10 డిగ్రీలు వేడెక్కితే చిప్ కూడా దాదాపు అంతే పెరుగుతుంది, దానికి కూలర్‌ను తిట్టి లాభం లేదు.

అపోహ: ఖాళీగా ఉన్నప్పుడే 50 డిగ్రీలుంటే ఏదో తేడా.

రైజెన్‌లో బ్రౌజర్ తెరిస్తేనే పది డిగ్రీలు ఎగిరి దిగడం మామూలే. పాత 1700ఎక్స్, 1800ఎక్స్‌ల రీడింగ్‌లో అయితే అసలు వేడికి 20 డిగ్రీలు కలిపి చూపించే పద్ధతే ఉండేది.

అపోహ: వోల్టేజ్ తగ్గిస్తే వేగం పడిపోతుంది.

రైజెన్ 5000, 7000 బోర్డుల్లో వోల్టేజ్ తగ్గించే బయోస్ సెట్టింగ్ కర్వ్ ఆప్టిమైజర్‌ను అన్ని కోర్లకూ మైనస్ 10తో మొదలుపెట్టండి. వేడి తగ్గుతుంది, చాలాసార్లు వేగం పెరుగుతుంది కూడా. ఐదైదు చొప్పున దించుతూ వెళ్లి ప్రతిసారీ పరీక్షించండి. బరువైన పరీక్షలు నెగ్గినంత మాత్రాన అయిపోలేదు. ఈ సెట్టింగ్ తేడా చేస్తే ఎక్కువగా బయటపడేది సిస్టమ్ ఊరికే ఉన్నప్పుడు. రెండు మూడు రోజుల్లో ఖాళీగా ఉండగా దానంతట అదే రీస్టార్ట్ అయితే ఐదు వెనక్కి వేయండి.