రోహిణి కార్తెకు తట్టుకోలేని వేసవి పువ్వు

లండన్‌లో వేసవి వచ్చిందంటే పార్కుల్లో చెట్ల నీడన ఇంపేషన్స్ మడులు గులాబీ, ఎరుపు, తెలుపు రంగుల్లో విరబూస్తాయి. ఆ ఫొటోలు చూసి ఏప్రిల్‌లో బెజవాడలో ఆ మొక్కలు కొంటే డబ్బులు దండగే. అక్కడి వేసవి ఎండ మామూలుగా మన సంక్రాంతి ఎండను మించదు. మనకేమో మేలో 40 డిగ్రీలు దాటడం మామూలే, ఆపై రోళ్లు పగిలే రోహిణి కార్తె.

ఇది తూర్పు ఆఫ్రికా అడవుల్లో తేమలో, నీడలో పెరిగిన మొక్క. దాని కాడను వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూడండి, లోపలి నాళాలు సన్నటి గీతల్లా కనిపిస్తాయి. అందులో చేవ ఉండదు. కణాల్లో నిండిన నీటి ఒత్తిడే దాన్ని నిలబెడుతుంది. వడగాలి కొట్టినప్పుడు వేళ్లు తోడే నీటికన్నా ఆకుల నుంచి ఆవిరయ్యేది ఎక్కువ. ఒత్తిడి తగ్గి, మధ్యాహ్నానికల్లా మొక్క తల వేలాడేస్తుంది. మనం టెన్షన్ పడి చెంబెడు నీళ్లు పోసేస్తాం. మట్టి తడిగా ఉండగానే మళ్లీ పోస్తే వేళ్లకు గాలి ఆడక కుళ్లిపోతాయి. ముందు మట్టిలో వేలు పెట్టి చూడాలి. తడి తగిలితే సాయంత్రం దాకా ఆగడమే మంచిది, చల్లబడ్డాక చాలావరకు అదే తేరుకుంటుంది.

అందుకే మన ఊళ్లో దీన్ని చలికాలపు పువ్వుగా పెంచుకోవాలి. వానలు తగ్గాక నర్సరీ నుంచి తెచ్చి, పొద్దుటి ఎండ మాత్రమే తగిలే తూర్పు బాల్కనీలో పెడితే ఫిబ్రవరి దాకా దిగులుండదు. వట్టి నల్లమట్టిలో నీరు నిలుస్తుంది, కొబ్బరి పొట్టు, మాగిన పశువుల ఎరువు కలపాలి. నీళ్లు మొక్క మొదలు దగ్గరే పోయాలి. ఆకులు తడిస్తే అడుగున తెల్లటి బూజు పట్టే తెగులొకటి ఉంది. 2003లో బ్రిటన్‌లో బయటపడి, తర్వాత అమెరికాలోనూ మడులకు మడులే తుడిచిపెట్టింది.

నిజమైన వేసవికి బిళ్లగన్నేరు, టేబుల్ రోజ్ చాలు. నీటి ఎద్దడి వస్తే టేబుల్ రోజ్ పగలు ఆకు రంధ్రాలను బాగా మూసేసుకుంటుంది.

నన్నడిగితే ఇంపేషన్స్ కన్నా దాని చుట్టం, మన చిలకగోరింటే మేలు. ఇది మన దేశపు మొక్కే. తొలకరికి విత్తితే దాదాపు రెండు నెలలకు పూస్తుంది. పువ్వు వెనక సన్నటి తోకలా వంగిన గొట్టంలో తేనె ఉంటుంది. పిల్లలకు మాత్రం కాయలే ఇష్టం. నూగుతో, ఉబ్బెత్తుగా ఉన్న పండుకాయను వేలితో తాకితే చాలు, ఫట్‌మని పేలుతుంది. కాయ గోడలోని కణాలు నీటితో బిగిసి ఉంటాయి. ముదిరే కొద్దీ అతుకులు బలహీనపడతాయి. తాకగానే అవి విడిపోయి, అయిదు తొక్కలూ రెప్పపాటులో లోపలికి చుట్టుకుని గింజల్ని అడుగుల దూరం విసిరేస్తాయి. విత్తనం దాచుకోవాలంటే కాయ రంగు తేలగానే పలుచటి గుడ్డ కట్టాలి. లేకపోతే వచ్చే వానాకాలం మొక్కలు పక్కింటివాళ్ల కుండీల్లో లేస్తాయి.